చేతిలోని జీవనాళము



ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింప దలచినది మూరెడు పొడవైనను లేని యొక గొట్టమును గూర్చి. దాని లావు పెన్సిలు లావునకు మించదు. మూత్రపిండములు చెడిపోయిన రోగి చేతిలో, చర్మము క్రింద, దానిని వైద్యులు అమర్చుదురు. అందులో రక్తము పారినంతకాలము రోగికి బ్రతుకుదెరువు కలదు. అది పూడిన దినమున ఆతని ప్రాణము సందేహములో పడును. ఆ గొట్టము పూర్తిగా పూడకముందే తన యిక్కట్టును తానే తెలుపుకొనునట్లు చేయుటకు నేడు పెక్కు దేశముల శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు. నేను వైద్యుడను గాను. పదార్థవిజ్ఞానశాస్త్రమును బోధించి జీవితము గడపినవాడను. ఐనను ఈ విషయములో వైద్యమెంత కలదో, కాలువల పారుదలయు, మీ యెదుటనున్న రేడియో పెట్టెలోని రహస్యమును అంతే కలవు. కావున ధైర్యము చేసి చెప్పబూనితిని.

మొదట మూత్రపిండముల పని యెట్టిదో తెలిసికొనవలెను. నడుమునకు కొంచెము పైగా, వెన్నెముకకు ఇరుప్రక్కల, పిడికిలియంత మూత్రపిండములు రెండు మనకు గలవు. ఒక్కొక్క దానియందు సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత తిత్తులుండును. దేహమందలి రక్తము సుమారు 5 లీటర్లే యైనను, అది మరల మరల ఈ తిత్తులగుండ పోవుటచేత దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడకట్టబడును. అందు కావలసిన నీటిని, ఉప్పులను, చక్కెరను తిరిగి రక్తములో చేర్చి, ఇంచుమించు లీటరున్నర మాత్రమే మూత్రముగా వెలికి పోవును. రైతు కల్లములో తూర్పారబట్టి గింజను గాదెకును, పొల్లును దిబ్బకును చేర్చినట్లే ఇదియు. ఇంతేకాక, రక్తపోటును అదుపులో నుంచుట, ఎముకలకు బలము చేకూర్చుట, క్రొత్త రక్తకణములు పుట్టుటకు ప్రేరేపించుట కూడ వీని పనులే.

ఇట్టి మూత్రపిండములు చెడునపుడు చప్పుడు చేయవు. మధుమేహము చేతను, అధిక రక్తపోటు చేతను, మఱి యితర కారణముల చేతను అవి యేండ్లతరబడి మెల్లమెల్లగా క్షీణించును. సగము శక్తి పోయినను రోగికి తెలియకపోవచ్చును. పదింట తొమ్మిది పాళ్లు పోయిన పిమ్మట కాళ్లు వాచును, ఆకలి చచ్చును, ఊపిరి యాడదు. రక్తములో పొటాసియమను లవణము హెచ్చినచో గుండె హఠాత్తుగా ఆగిపోవును. అప్పుడు మిగిలిన దారులు మూడే: మఱొకరి మూత్రపిండమును అమర్చుకొనుట, ఉదరకుహరములో ద్రవమును నింపి తీసి మలినములను వెడలించుట, లేదా రక్తమును యంత్రముద్వారా శుద్ధిచేయించుకొనుట. ఈ మూడవదానినే జనులు సామాన్యముగా డయాలిసిస్ అనుచున్నారు.

ఈ పేరు పెట్టినవాడు థామస్ గ్రాహమ్ అను స్కాట్లండు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు. సన్నని పొర నడుమనుంచినచో ఉప్పువంటి చిన్న యణువులు దానిని దాటిపోవుననియు, జిగురువంటి పెద్దవి దాటలేవనియు ఆయన 1861లో వివరించెను. 1913లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్ జాకబ్ ఏబెల్ అను పండితుడు తన సహచరులతో గూడి, కుక్కల రక్తమును సన్నని గొట్టములగుండ నడిపి శుద్ధిచేసి చూపెను. రక్తము గడ్డకట్టకుండుటకు ఆయన వాడినది జలగలనుండి తీసిన రసము! మానవునిపై తొలి ప్రయత్నము 1924లో జర్మనీయందు గేఆర్గ్ హాస్ అను వైద్యునిచే జరిగెను. కాని పనికివచ్చు యంత్రము పుట్టినది యుద్ధకాలములో. హాలండు దేశము జర్మనుల యాక్రమణలో నుండగా, కాంపెన్ అను పట్టణమున విలెమ్ కోల్ఫ్ అను యువవైద్యుడు, మాంసపు వంటకములకు తొడుగు సెలొఫేన్ గొట్టమును ఒక పీపాకు చుట్టి, ఉప్పునీటి తొట్టిలో దానిని త్రిప్పుచు, 1943లో రోగి రక్తమును శుద్ధిచేయ మొదలిడెను. మొదటి రోగులలో పెక్కురు దక్కలేదు. 1945లో 67 ఏండ్ల స్త్రీ యొకతె స్పృహ తప్పిన దశనుండి కోలుకొని లేచి కూర్చుండెను. అంతట లోకమునకు నమ్మకము కలిగెను.

యంత్రము దొరికినది, ద్వారము దొరకలేదు. దీనిని మీరు గమనింపవలెను. రక్తమును వెలికి తీసి మరల లోనికి పంపుటకు ప్రతిమారును వైద్యుడు ఒక నాళమును కోసి గొట్టము చొప్పింపవలసి వచ్చెను. పని ముగిసినంతనే ఆ నాళమును ముడివేయవలెను. అది మరల పనికిరాదు. చేతులలోను, కాళ్లలోను ఇట్లు కోయుటకు వీలగు తావులు కొన్నియే. అవి యయిపోయినచో యంత్రము ప్రక్కనుండగనే రోగి మరణింపవలెను. కావున తాత్కాలికముగా మూత్రపిండములు ఆగినవారికే తప్ప, శాశ్వతముగా చెడినవారికి ఈ చికిత్స నిరుపయోగముగ నుండెను. ఏరు నిండుగ పారుచున్నను తూము లేని పొలము ఎండినట్లయ్యెను.

1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు, వేన్ క్వింటన్ అను యంత్రజ్ఞుని తోడ్పాటుతో, ఈ చిక్కును విప్పెను. టెఫ్లాన్ అను జారుడు పదార్థముతో చేసిన గొట్టములలో ఒకదానిని ముంజేతి ధమనిలోను, మఱొకదానిని సిరలోను శాశ్వతముగా నిలిపి, చికిత్స లేని వేళ రెంటిని వెలుపల ఒక వంకర గొట్టముతో కలిపి యుంచెను. రక్తము నిలువక పారుచుండుటచే గడ్డకట్టుట తగ్గెను. ఆయన తొలి రోగి యొక యంత్రకార్మికుడు. ఆతడు ఆ తరువాత పదునొకండు సంవత్సరములు జీవించెను. అంతకుముందు వారములలో లెక్కించు ఆయువు ఏండ్లలో లెక్కించునట్లాయెను.

ఐతే వెంటనే ధర్మసంకటమొకటి యెదురాయెను. యంత్రములు కొన్ని, రోగులు పెక్కురు. ఎవరిని బ్రతికింపవలెను? సియాటిల్ నగరములో ఏడుగురు పౌరులను గూర్చి ఒక సంఘమును నియమించిరి. వారిలో మతాచార్యుడు, న్యాయవాది, గృహిణి, కార్మికుడు మున్నగువారుండిరి. రోగి వయస్సు, పెండ్లి, బిడ్డలు, సంపాదన, నడవడి చూచి ఈ పంచాయతీవారు ఒకని పేరునకు ఔననియు, వేరొకని పేరునకు కాదనియు చెప్పవలసివచ్చెను. 1962లో ఈ సంగతి పత్రికలకెక్కగా దేశమంతయు కలవరపడెను. పొలముగట్టు తగవులను తీర్చిన పెద్దలు మీలో ననేకులు కలరు. ఎవడు బ్రతుకదగినవాడని తీర్పు చెప్పుమన్నచో మీలో నెవరు ఆ చాప మీద కూర్చుండ నంగీకరింతురు? తుదకు 1972లో అమెరికా ప్రభుత్వము శాసనము చేసి ఈ చికిత్స వ్యయమును తానే చాలవరకు వహించుటతో ఆ సంఘముల యవసరము తీరెను. ఒక చిన్న గొట్టము వైద్యమునే కాక ధర్మశాస్త్రమును, రాజ్యాంగమును గూడ కదల్చిన వృత్తాంతమిది.

వెలుపలనుండు గొట్టమునకు చీము పట్టుట, ఊడిపోవుట మున్నగు బాధలు కలవు. 1966లో న్యూయార్కునందలి బ్రెషియా, చిమినో అను వైద్యులును, వారి సహచరులును ఇంతకంటె సులువైన మార్గమును ప్రకటించిరి. పరాయి వస్తువే యక్కరలేదు. ముంజేతిలోని ధమనిని ప్రక్కనున్న సిరకు కలిపి కుట్టినచో చాలును. ధమని గుండెనుండి వడిగా వచ్చు ఎగువ కాలువ. సిర నిదానముగ మరలిపోవు మురుగు కాలువ. రెంటిని కలిపినంతనే ఎగువ నీటి వడి సిరలో ప్రవేశించును. కొన్ని వారములకు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలకు, సిర ఉబ్బి గోడలు మందమై, మాటిమాటికి లావు సూదులు గ్రుచ్చుటకు తగినదగును. దీనినే ఫిస్టులా యందురు. నేటికిని సాధ్యమైనవారికి ఇదియే మేలని వైద్యుల మతము. దానిపై వ్రేలుంచిన, తుమ్మెద గుప్పిటిలో మూసినట్లు ఎడతెగని యదురు తెలియును.

కాని అందరికి ఇది అమరదు. వృద్ధులకును, మధుమేహము ముదిరినవారికిని, సూదిపోట్లచే సిరలు చెడినవారికిని తగిన సిర దొరకదు. అట్టివారికే నేను మొదట చెప్పిన కృత్రిమనాళము, గ్రాఫ్టు, అవసరమగును. ఒక కొన ధమనికి, మఱొక కొన లోతుననున్న పెద్దసిరకు కుట్టి, నడిమి భాగమును చర్మము క్రింద వంచి యుంచుదురు. రెండు మూడు వారములలో దానిని వాడవచ్చును.

ఈ గొట్టము వెనుక గొప్ప చరిత్ర కలదు. రక్తనాళములను కుట్టు నేర్పును లోకమునకు చూపినవాడు ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరపు వైద్యుడు అలెక్సిస్ కారెల్. 1894లో ఆ నగరముననే ఫ్రాన్సు అధ్యక్షుడు కత్తిపోటుచే పెద్దసిర తెగి మరణించెను. దానిని కుట్టగలవారే లేకపోయిరి. కారెల్ బుటాపని చేయు స్త్రీవద్ద సన్నని సూదితో కుట్టుట నేర్చుకొని నాళములను కుట్టు పద్ధతిని కనిపెట్టెను. 1912లో నోబెల్ బహుమానమును పొందెను. నాళము బదులు గుడ్డ గొట్టమును వాడవచ్చునని 1952లో అమెరికా వైద్యుడు ఆర్థర్ వూర్‌హీస్ ప్రకటించెను. ఆ దశాబ్దములోనే హ్యూస్టన్ నగరపు మైకేల్ డిబేకీ డేక్రాన్ గుడ్డను తన భార్య కుట్టుమిషనుమీద గొట్టముగా కుట్టెను. 1969లో బాబ్ గోర్ అను నతడు కాచిన టెఫ్లాన్ కడ్డీని తటాలున లాగి, కంటికి కనబడని రంధ్రములతో సాగిన క్రొత్త పదార్థమును కనుగొనెను. నేడు డయాలిసిస్ రోగుల చేతులలోనుండు గొట్టములు ఎక్కువగా ఈ పదార్థముతోనే చేయబడుచున్నవి.

ఈ గొట్టము చేయు చాకిరిని లెక్కించి చూడుడు. వారమునకు మూడుమారులు, మారునకు నాలుగు గంటల చికిత్స. ప్రతిమారు రెండు సూదులు: ఒకటి రక్తమును తీయుటకు, ఒకటి మరల పంపుటకు. సంవత్సరమునకు 312 పోట్లు. నిమిషమునకు 300 మిల్లీలీటర్ల చొప్పున యంత్రములోనికి రక్తము పోయినచో నాలుగు గంటలకు 72 లీటర్లు. అనగా దేహమందలి రక్తమంతయు పదునాలుగు మారులు ఈ త్రోవన పోయి వచ్చును. మన పంటకాలువలలో నేదియు ఇంత తెరపిలేని పని చేయదు.

ఇంత చాకిరి చేయు నాళము ఏల చెడును? గొట్టము సిరను కలియు చోటనే తరచుగ తంటా పుట్టును. ధమని వడికి అలవాటుపడని సిరగోడ ఆ తాకిడికి నొచ్చుకొని లోపల కండను పెంచుకొనును. కాలువ మలుపున ఒండ్రు మేటవేసినట్లు అక్కడ త్రోవ సన్నగిల్లును. శాస్త్రములో నొక సూత్రము కలదు: నెమ్మదిగ సాగు ప్రవాహములో గొట్టపు అడ్డుకొలత సగమైనచో, అదే ఒత్తిడికి పారు ద్రవము సగము కాదు, పదునారవ వంతునకు పడిపోవును. కావున కొంచెము సన్నబడుట కొంచెము నష్టము గాదు. పారుదల మందగించిన రక్తము గడ్డకట్టును. ఒక్క రాత్రిలో నాళము మూసికొనిపోవును. ఇట్టి గొట్టములలో సుమారు సగము మొదటి సంవత్సరములోనే ఏదో యొక మరమ్మతు కోరునని వైద్యుల యనుభవము.

మా బంధువర్గములో నొక యువకుడు ఇట్టి గొట్టముతో రెండేండ్లు గడపినాడు. ఒకనాడాతనికి జ్వరము రాగా సమీప పట్టణములోని యొక వైద్యశాలలో ఎవరో ఆ చేతికే రక్తపోటు పట్టీని బిగించి కట్టిరి. ఆ పట్టీ చేతనే కీడు జరిగెనని నేను చెప్పజాలను. లోపల సన్నబడుట ముందే యుండియుండవచ్చును. మఱునాటి ఉదయము చేతిలో అదురు లేదు. దూరపు నగరమునకు పోయి గడ్డను తీయించులోపల రెండు చికిత్సలు తప్పినవి. ఊపిరి యాడక, మెడలోని పెద్దసిరలో తాత్కాలికపు గొట్టమును దింపవలసి వచ్చెను. ఆతని తల్లి నన్నడిగిన ప్రశ్న నాకు మఱపు రాదు: “అన్నయ్యా, బావిలో నీరు తగ్గిన చేద చెప్పును గదా, ఈ గొట్టము ముందుగా ఒక్క మాట చెప్పరాదా?” ఆమె చదువుకొన్నది గాదు. కాని శాస్త్రజ్ఞులు వేసికొన్న ప్రశ్నయు సరిగా అదియే.

నేడు దీనిని కనిపెట్టు మార్గములు కొన్ని కలవు. వ్రేలితో అదురును చూచుట, వైద్యుని శ్రవణయంత్రముతో హోరును వినుట, శబ్దతరంగములతో ప్రవాహమును కొలుచుట, చికిత్సవేళ యంత్రములోని ఒత్తిడిని గమనించుట. గ్రాఫ్టులో నిమిషమునకు 600 మిల్లీలీటర్లకు లోపుగా రక్తము పారుచున్నచో అపాయము సమీపించెనని వైద్యులు భావింతురు. కాని ఈ కొలతలన్నియు ఆసుపత్రిలో జరుగునవి. రోగి ఇంటనున్న వేళ, రాత్రివేళ, నాళమును కాచువారు లేరు. అందుచేత నాళముననే కావలివానిని నిలుపవలెనను తలంపు పుట్టినది.

ఇక రేడియో సంగతికి వచ్చెదను. ఆకాశములో వేర్వేరు కేంద్రముల తరంగములు ఒక్కసారిగనే పోవుచుండును. మీరు పెట్టె మీది మరను త్రిప్పగా ఒక్క కేంద్రమే వినబడుటకు కారణమేమి? లోపల తీగచుట్టయు, ఎడముగ నిలిపిన లోహపు రేకుల జతయు కలవు. రేకుల అమరికను బట్టి ఆ జంట ఒక్క తరంగమునకే ఊగును. వీణలో ఒక తంత్రి మ్రోగగా దానితో శ్రుతి కలిసిన తంత్రి తానుగా కదలినట్లు. ఇప్పుడు ఈ తీగచుట్టను, రేకుల జతను గోరంత చిన్నవిగా చేసి రక్తనాళములో నుంచితిమనుకొనుడు. రక్తము ఒత్తిడి హెచ్చినపుడు రేకులు దగ్గరకు వచ్చును, శ్రుతి తగ్గును. ఒత్తిడి తగ్గినపుడు రేకులు దూరమగును, శ్రుతి హెచ్చును. వెలుపలనుండి యొక పరికరము తరంగములను పంపి, ఏ శ్రుతికి లోపలి జంట పలుకునో చూచినచో లోపలి ఒత్తిడి తెలియును. లోపల బ్యాటరీ యక్కరలేదు. వెలుపలి తరంగమే దానికి ఆహారము. గొట్టము రెండు కొనలయందును ఇట్టి కొలత చూచి, రెంటికిని గల భేదము దినదినము హెచ్చుచున్నచో నడుమ ఇఱుకు ఏర్పడుచున్నదని గ్రహింపవచ్చును.

ఇది కేవలము ఊహ కాదు. గుండెనుండి ఊపిరితిత్తులకు పోవు ధమనిలో అమర్చి, గుండెజబ్బు రోగి యింటనుండియే ఒత్తిడిని తెలుపు ఇట్టి బ్యాటరీ లేని పరికరమును అమెరికా ప్రభుత్వము 2014లో అనుమతించెను. 2019లో స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమువారు, పని తీరిన పిమ్మట దేహములోనే కరగిపోవు పదార్థములతో చేసి, ధమనికి చుట్టి ప్రవాహమును తెలిసికొను పట్టీని ఎలుకలలో పరీక్షించి ప్రకటించిరి. 2022లో జార్జియా సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు, నాళమును తెరచియుంచు లోహపు జాలిమీద మెత్తని గ్రాహకములను అచ్చువేసి, ఒత్తిడిని, ప్రవాహమును తీగ లేకయే తెలిసికొని చూపిరి. డయాలిసిస్ గ్రాఫ్టు విషయములోను ఇట్లే రసాయన శాస్త్రజ్ఞుడు, నేతపని యెఱిగినవాడు, విద్యుత్పరికరములు చేయువాడు, నాళములను కుట్టు వైద్యుడు, వేర్వేరు దేశములవారు, ఒక్క పనికి చేయి కలుపవలసియున్నది. ఏ యొక్కని నేర్పును దీనికి చాలదు.

ఐతే ఇందలి కష్టములను దాచరాదు. దేహము పరాయి వస్తువును చూచి ఊరకుండదు. చుట్టును పొర కట్టును. ఆ పొర మందమైనచో కొలత తప్పును. లోహము రక్తమును తాకినచోట గడ్డకట్టు భయము కలదు. ఏటికి 312 సూదిపోట్లలో ఒక్కటియు ఆ సున్నితమైన తీగకు తగులరాదు. గడియారము చెడిన విప్పి బాగుచేయింతుము. చేతిలో కుట్టినదానిని మాటిమాటికి విప్పలేము. అది యేండ్లతరబడి నమ్మకముగ నుండవలెను. కారణము లేక మాటిమాటికి కేకవేయు కావలివానిని ఎవరు లెక్కచేయుదురు? అవసరమైనపుడు నోరు మెదపనివాడు అంతకంటె చెడ్డవాడు.

మఱొక ముఖ్యమైన సందేహము కలదు. ముందుగా తెలిసినంత మాత్రమున నాళము ఆయువు పెరుగునా? గ్రాఫ్టులలో ప్రవాహమును పదేపదే కొలిచి, ఇఱుకు కనబడినంతనే దానిని వెడల్పుచేసిన పరీక్షలలో గ్రాఫ్టుల ఆయువు నిశ్చయముగ పెరిగినట్లు తేలలేదు. ఏలయన, బుడగతో వెడల్పుచేసిన చోట కండ మరల పెరుగుచున్నది. తెలియుట వేఱు, మాన్పుట వేఱు. అందుచేత మాన్పు సాధనములు కూడ మెరుగుపడవలెను. 2010లో ప్రకటింపబడిన యొక పరీక్షలో 190 మంది రోగుల గ్రాఫ్టులను పరీక్షింపగా, కేవలము బుడగతో వెడల్పుచేసినవారిలో ఆరునెలలకు నూటికి 23 మందికి ఆ చోట త్రోవ తెరచియుండగా, పైపూత గల జాలిని గూడ అమర్చినవారిలో నూటికి 51 మందికి తెరచియుండెను. 2020లో అమెరికా, జపాను, న్యూజీలండు దేశములలో 330 మంది ఫిస్టులా రోగులపై జరిగిన పరీక్ష ప్రకటింపబడెను. మందు పూసిన బుడగను వాడినవారికి ఆరునెలలకు నూటికి 82 మందికిని, సామాన్యపు బుడగను వాడినవారికి నూటికి 60 మందికిని త్రోవ నిలిచెను. ఇట్టి మంచి చికిత్సతో జతపడినపుడే మాటాడు గొట్టము మాటకు విలువ కలుగును.

గొట్టమును మాటాడించుట ఒక మార్గము. గొట్టమునే సజీవముగ పెంచుట మఱొక మార్గము. 1999లో లారా నిక్లాసన్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును పంది కణములతో రక్తనాళమును పాత్రలో పెంచి చూపిరి. తరువాతి కాలమున ఆమె పద్ధతి యిట్లు స్థిరపడెను: కరగిపోవు దారముల గొట్టముమీద మానవ కండరకణములను చల్లి, నాడి కొట్టుకొనినట్లు ద్రవమును ఆడించుచు కొన్ని వారములు పెంచుదురు. దారము కరగును, కణములు అల్లిన గోడ మిగులును. పిమ్మట కణములను కడిగివేసి, ఎవరి దేహమునకైనను సరిపడు ఉత్త గోడను మాత్రము నిలుపుదురు. చేతిలో అమర్చిన మీదట రోగి సొంత కణములే వచ్చి యందులో కాపురముండును. 2012 డిసెంబరులో పోలండు దేశమున డయాలిసిస్ రోగికి దీనిని తొలిసారిగా అమర్చిరి. పోలండు, అమెరికా దేశములలో 60 మంది రోగుల యనుభవము 2016లో ప్రకటింపబడెను. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ఈ నాళమును గాయములచే కాలుసేతుల ధమనులు తెగినవారికి వాడుటకు అనుమతించెను. ఆ యనుమతి డయాలిసిస్ రోగులకు గాదు. పంట వెన్ను తీసినది. ఇంక కోత కాలేదు.

ఇవి దూరదేశపు ముచ్చటలని మీరు తలంపవలదు. శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానమును ఎఱుగని తెలుగువారుండరు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో కన్నులపండువగ నుండు ఆ సీమలో, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మున్నగు మండలములలో మూత్రపిండవ్యాధి యింటింట గోడు పెట్టించుచున్నది. మధుమేహము లేనివారికిని, నడివయస్సు రైతుకూలీలకును అది సంక్రమించుచున్నది. దాని మూలకారణము నేటికిని నిశ్చయముగ తేలలేదు. 2016లో భారతప్రభుత్వము జిల్లా ఆసుపత్రులలో బీదలకు ఉచితముగా డయాలిసిస్ చేయు పథకమును ఆరంభించెను. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల మూత్రపిండ వైద్యశాలయు, పరిశోధనకేంద్రమును ప్రారంభింపబడెను. ఇవి మేలైన పనులు. ఐనను వారమునకు మూడుదినములు పనిమాని, ఇంటివానిని తోడు తీసికొని, బస్సెక్కి పోవు కూలివానికి యంత్రము చేరువైనంత మాత్రమున చాలదు. చేతిలోని నాళము కూడ నిలువవలెను. నాళము పూడిన దినమున ఉచిత యంత్రము ఆతనికి ఒరగబెట్టునదేమి?

కావున గ్రామపెద్దలైన మీకు నా మనవి యిది. మీ యూరిలో ఇట్టి రోగి యున్నచో ఆతని ఆ చేతిని ఊరిచెరువు గట్టును కాచినట్లు కాపాడుడు. ఆ చేతికి రక్తపోటు పట్టీని కట్టనీయరాదు. ఆ చేతినుండి రక్తము తీయరాదు, సూదిమందు వేయరాదు. బిగుతైన కడియము, గాజులు, గడియారము తొడుగరాదు. ఆ చేతిమీద తలనుంచి పండుకొనరాదు. ఆ చేత నీళ్లబిందె మోయరాదు. ప్రతి ఉదయమును, ప్రతి రాత్రియు రోగి తన వ్రేలినుంచి అదురును చూచుకొనవలెను. అదురు తగ్గినను, ఆగినను, చేయి వాచినను, ఎఱ్ఱబడి చీము పట్టినను, తెల్లవారుదాక ఆగక వైద్యుని యొద్దకు పంపుడు. బండి కట్టించుట, తోడు మనిషిని చూచుట మీవంటి పెద్దల చేతిలోని పని. గడ్డ కట్టిన తరువాత త్వరగా పోయినవారికి ఆ నాళమే మరల దక్కవచ్చును. జాగు చేసినచో దక్కుట కష్టము.

మూత్రపిండములు చెడుచున్నవని వైద్యుడు చెప్పినవారు, డయాలిసిస్ అవసరము రాకముందే, మామూలుగా వాడని చేతి సిరలను సూదిపోట్లనుండి కాపాడుకొనవలెను. మధుమేహము, రక్తపోటు గలవారు ఏటికొకమారైనను మూత్రమును, రక్తమును పరీక్షింపించుకొనవలెను. ఒంటినొప్పులకు అంగడిలో కొన్న మాత్రలను వైద్యుని యడుగక దినదినము మ్రింగుట మూత్రపిండములకు కీడు. ఇవి చిన్న మాటలే. కాని మొదటినుండియు వీనిని పాటించినచో పెక్కురకు ఆ గొట్టముతోనే పని యుండకపోవును.

మాటాడు నాళము మన జిల్లా ఆసుపత్రులకు ఎన్నడు వచ్చునో నేను గడువు చెప్పజాలను. వచ్చినను, అది చెప్పిన మాటను విని లేచి పరుగెత్తు మనుష్యుడు ప్రక్కన లేనిచో దానివలన ప్రయోజనము లేదు. అది వచ్చునందాక రోగి వ్రేలే ఆ పని చేయవలెను. ఆ వ్రేలు అపాయమును తెలిపిన రాత్రి రోగిని ఆసుపత్రికి చేర్చుటకు ఊరిలో ఎవరు బండి కట్టుదురో, ఎవరు తోడుపోవుదురో మీరు ముందుగనే నిర్ణయించి యుంచుడు. ఇదియే నా ప్రార్థన.